కడగని కత్తెర

ఐత్ ఉమ్లిల్ అనే కొండ ఊళ్లో గొర్రెల బొచ్చు తీసే రోజున కత్తెరను మధ్యలో కడగరు. మొదటి గొర్రె నుంచి ఆఖరి గొర్రె దాకా ఆ రెండు రేకుల మీద బొచ్చుజిడ్డు పేరుకుంటూనే పోవాలి. కొత్తగా వచ్చినవాడెవడైనా చూడలేక "ఒక్కసారి గుడ్డతో తుడవండయ్యా" అన్నాడంటే పది గొంతులు ఒక్కసారే లేస్తాయి. ఆ జిడ్డులోనే ఉంది చలవంతా. ఒక ఇంటి మందలోని బరకత్తు రేకులెక్కి రెండో ఇంటికి పోతుంది, అక్కడిది మూడో ఇంటికి. సాయంత్రానికి ఊరంతటి చలవా పోగుపడ్డ కత్తెరతో ఆఖరి గొర్రెను పడుకోబెడతారు. ఆ ఆఖరి గొర్రె ఎప్పుడూ మొగుడు పోయిన ఇల్లాలిది. పని అయ్యాక ఆమె రేకుల మీది జిడ్డును రెండు అరచేతులా తుడుచుకుని కళ్లకద్దుకుంటుంది. ఆ ఏటికి ఆమెకు ఊరు పెట్టే కానుక అది.

ఇలాంటి నియమాలు లోకంలో చాలా చోట్ల ఉన్నాయి. ఎడారిలో తిరిగేవాళ్లు టీ కెటిల్ లోపలి నల్లటి పొరను గీకనివ్వరు. మక్కాకు పోయొచ్చినవాడు ఇల్లు చేరి కాళ్లూ చేతులూ కడుక్కోకముందే అతని చెయ్యి పట్టుకోవాలని వీధి వీధంతా ఎగబడుతుంది. మంచికి అంటుకునే గుణం ఉందని మనిషి ఏనాడో కనిపెట్టాడు. చెడుకూ అదే గుణం ఉందని తెలుసుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కొన్ని ఊళ్లలో ఇంకా పడుతూనే ఉంది.

బెన్నాసర్ ఆ ఊరి కత్తెరగాడు. వాళ్ల నాన్నా కత్తెరగాడే. వడగళ్లు పడి బార్లీ అంతా పోయిన ఏడు పుట్టాడనీ, పుట్టగానే పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటే మంత్రసాని చూసి "వీడు అప్పుడే కత్తిరిస్తున్నాడు" అందనీ చెప్పుకుంటారు. పదమూడో ఏట మొదటి గొర్రెను తీశాడు. ఇరవయ్యో ఏటికి అయ్యాషి కొండకు ఇవతల అతని చేతికి సాటి చెయ్యి లేదు. చర్మం మీద గీత పడనిచ్చేవాడు కాదు. గొర్రె కాళ్లు కట్టేసేటప్పుడు దాని చెవిలో ఏదో అనేవాడు, అది కళ్లు మూసుకునేది. ఏమంటావని అడిగితే, "చలికాలం లోపు మళ్లీ మొలిపిస్తానని మాటిస్తాను" అనేవాడు.

తరవాత వానల్లేని మూడేళ్లు వచ్చాయి. మందలు పోయాయి. వాగు ఒడ్డున ఎముకలు తెల్లగా ఎండిపోయి ఉండేవి. ఊరి కుక్కలకు కూడా వాటి మీద ఆశ చచ్చింది. కత్తెర గోడకు వేలాడింది. ఇంటికి రెండో మూడో గొర్రెలు మిగిలాయి, ఆచారం సాగడానికి సరిపడా.

ఆపిల్‌ను ఊరికి తెచ్చింది బెన్నాసర్ బావమరిది జాయిద్. చెల్లెలు తూదాను చేసుకున్నవాడు. కింద మిదెల్త్ పట్నం తోటల్లో కూలికి పోయి, చెట్టు పని నేర్చుకుని, ఒకనాడు రెండు కంచరగాడిదల మీద తడి గోనెల్లో చుట్టిన మొక్కలతో కొండెక్కి వచ్చాడు. ఊరు నవ్వింది. గొర్రె మేసే చోట పండు పండిస్తాడట అంది. జాయిద్ నవ్వలేదు, తిట్టలేదు. వాగు పక్క రాళ్లు ఏరి నలభై గుంతలు తవ్వి నలభై మొక్కలు పెట్టాడు. ఐదో ఏట కాసిన మొదటి బుట్టెడు కాయలను ఇంటింటికీ తిరిగి పంచాడు. ఆ మరుసటి ఏడు ఊరంతా గుంతలు తవ్వింది.

చెట్లు పెరిగాక వాటిని కత్తిరించాలని తెలిసింది. కత్తిరించడమంటే ఊళ్లో ఒక్కడే. సంతలోని కమ్మరి, బెన్నాసర్ తండ్రి నాటి బొచ్చు కత్తెర ఉక్కునే కాచి సాగదీసి కొమ్మల కత్తెర చేసిచ్చాడు. ఉక్కు అదే, చెయ్యి అదే, నియమమూ అదే. గొర్రెల నాడు ఊరంతా ఒకరికొకరు సాయం పట్టే తివిజి చెట్లకూ వచ్చింది. అందరూ కలిసి ఒక తోట ముగించి ఇంకో తోటకు పోతారు. బెన్నాసర్ ముందు నడుస్తాడు, వెనక కొడవళ్లతో, రంపాలతో మిగతావాళ్లు. కత్తెర మధ్యలో కడగరు.

"చెట్టు కూడా గొర్రే" అనేవాడతను. "కాకపోతే కాళ్లు కట్టెయ్యనక్కర్లేదు."

పద్నాలుగేళ్ల కిందట జాయిద్ ఛాతీ జబ్బుతో పోయాడు. పోయే ముందు బావ చెయ్యి పట్టుకుని తూదా సంగతి ఎత్తలేదు, పిల్లలు లేరు గనక వాళ్ల సంగతీ లేదు. "చెట్లు చూస్తుండు బావా" అన్నాడు అంతే. చెట్లను చూస్తే తూదాను చూసినట్టేనని ఇద్దరికీ తెలుసు. ఆ నలభై చెట్లు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఆ ఏటి నుంచీ తివిజిలో ఆఖరి తోట తూదాది అయింది. ఆఖరి కోత కాగానే ఆమె రేకుల మీది పసరునూ బంకనూ అరచేతులా తుడుచుకుని కళ్లకద్దుకునేది. చేతులు రెండు రోజులు పచ్చగా ఉండేవి. వారం పాటు సబ్బు ముట్టేది కాదు.

తోటలకు మందు కొట్టకూడదన్నది ఊరి మాట. ఊట నీళ్లు తోటల మధ్య నుంచే వస్తాయి, ఆ నీళ్లే తాగాలి. అందుకే తొమ్మిది ఇళ్లు ఒక సంఘం కట్టుకుని మందులేని పంట అనే ముద్ర సంపాదించాయి. పురుగులతో బెన్నాసర్ యుద్ధం చూడాల్సిందే. జూన్ రాగానే ప్రతి మొదలుకీ ముడతల అట్ట నడికట్టులా చుట్టేవాడు. కాయ తొలిచిన పురుగు గూడు కట్టుకోను చోటు వెతుక్కుంటూ ఆ ముడతల్లో దూరేది. సమయం చూసి అట్టలన్నీ విప్పి పొయ్యిలో పెట్టేవాడు. "అద్దె లేకుండా ఇల్లిచ్చి, నిద్రపోయాక నిప్పంటించడం" అని తన మీద తనే నవ్వేవాడు. తెల్లపేనుకు ఆలివ్ నల్లసబ్బు నీళ్లు. ఆకుమచ్చకు గంధకం. చలికాలంలో మొదళ్లకు సున్నం. కాయకోత కాగానే రాలిన కాయలు ఏరి తినేందుకు తోటలోకి గొర్రెలు. కాయతో పాటు పురుగునూ అవే నమిలేసేవి. ఒక ఏటి కంటే ఇంకో ఏడు పురుగు తగ్గుతూ వచ్చింది. మీ తోటల్లో కిటుకేమిటని బయటూళ్లవాళ్లు అడిగితే, ఊరు "బెన్నాసర్ హస్తవాసి" అనేది. అతను కాదనేవాడు కాదు. అతని దగ్గర ఉన్న గర్వం అదొక్కటే. దానికైనా ఇంట్లో కాస్త చోటుండాలి గదా.

సంఘానికి మొక్కల వైద్యం చూసే అమ్మాయి ఇజ్జా. ఈ ఊరిదే, మెక్నెస్ పట్నంలో చదివి వచ్చింది. కిందటి చలికాలం ఒక సీసా తెచ్చి బెన్నాసర్ చేతిలో పెట్టింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"స్పిరిట్ బాబాయ్. ఒక చెట్టయ్యాక కత్తెర ఇందులో ముంచి రెండో చెట్టు ముట్టుకో. కింద తోటల్లో నిప్పుతెగులు తిరుగుతోంది."

"సారా పుయ్యమంటావా? నలభై ఏళ్లు నమాజు చేసిన చేతులివి."

"తాగమన్లేదు గదా, ముంచమన్నాను."

"కత్తెర తాగినా నేను తాగినట్టే."

"పోనీ మంటలో పెట్టి తీయి."

"మంటలో పెడితే ఉక్కు మెత్తబడిపోద్ది. ఇది మా నాన్న ఉక్కు. మీ కాలేజీలో ఇస్తారా ఇలాంటిది?"

బాసూ పక్కనే ఉన్నాడు. ఊళ్లో ఏ మాటకైనా తోక తగిలించే మనిషి. "కడిగితే చలవ పోద్దమ్మా. కావాలంటే మా ఆవిణ్ణి ముంచు ఆ సీసాలో, ఆవిడ నోరు కాస్త తగ్గాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఇజ్జా కూడా నవ్వింది. కానీ సీసా తిరిగి తీసుకోలేదు. బెన్నాసర్ దాన్ని ఇంటికి తీసుకుపోయాడు. టీకి బొగ్గులు రాజేసుకోవడానికి బాగా పనికొచ్చింది.

మే నెలలో పూతంతా రాలి పిందె కట్టే వేళ, నాలుగు రోజులు వెచ్చటి వాన పడింది. తరవాత బాసూ పిలిపించాడు.

"చూడరా బెన్నాసర్, నా చెట్ల కొసలకి ఎవడో అగ్గిపుల్ల గీసిపోయినట్టుంది."

లేత కొమ్మల కొసలు నల్లబడి, గొర్రెల కాపరి కర్ర తలలా కిందికి వంగి వేలాడుతున్నాయి. ఆకులు మాడాయి గానీ రాలలేదు.

"షెర్గీ గాలి తగిలింది" అన్నాడు బెన్నాసర్. ఆ వేడిగాలి ఎడారి వైపు నుంచి ఏటా వచ్చేదే. "నువ్వు పడుకుంటే చెట్లకి కాపలా ఎవడు కాస్తాడు?"

"పడుకోవడమా? మా ఆవిడ గురకకి నాకు నిద్రెక్కడిది? అయినా విడ్డూరం చూడు, గొర్రెలు పోయాయి గానీ కాపరి కర్రలు మాత్రం చెట్లకే మొలుస్తున్నాయి."

ఒక కొమ్మ బెరడు మీద తేనెరంగు చుక్క ఒకటి నిలిచి ఉంది. బెన్నాసర్ వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. తీపి లేదు. ఒక తేనెటీగ కూడా దాని మీద వాలి, మనసు మార్చుకుని ఎగిరిపోయింది. అతను ఆ వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు.

ఇజ్జా అప్పుడు ఊళ్లో లేదు. అక్క కాన్పుకని పోయింది, ఇంకా మూడు వారాలకు గానీ రాదు. వచ్చేదాకా ఆగుదామని ఎవరికీ తోచలేదు. ఆగడం ఎందుకు? మాడిన కొసలు తీసెయ్యడమే గదా. తివిజి చాటారు. బాసూ తోటతో మొదలై, వరసన ఏడు ఇళ్లు. ప్రతి తోటలోనూ మాడిన చోటికి కాస్త కిందగా టక్కుటక్కుమని తీసుకుంటూ పోయాడు బెన్నాసర్. మాడిన కొసలు తక్కువున్న తోటల్లో, తక్కువ చేశాడన్న మాట రాకూడదని కాస్త ఎక్కువే కత్తిరించాడు. మిమూన్ తోట ఒక్కటే వదిలేశారు. నీటి వంతు దగ్గర తగువు పడి మిమూన్ మూడేళ్లుగా బెన్నాసర్‌తో మాట్లాడ్డం లేదు.

"వాడి కత్తెర నా గడప దాటకూడదు" అనేవాడు మిమూన్, అందరికీ వినిపించేలా.

"గడప ఉంటే గదా దాటడానికి" అనేవాడు బెన్నాసర్, అంతకంటే గట్టిగా.

మూడో రోజు సాయంత్రం ఆఖరి తోటకు వచ్చారు. తూదా గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె చెట్లు పచ్చగా ఉన్నాయి. ఒక్క కొస కూడా మాడలేదు.

"నా చెట్లకేం కాలేదన్నా. రా, టీ తాగు. రొట్టెలు వేడిగా ఉన్నాయి."

"టీ ఎక్కడికి పోద్ది? ముందు ఆఖరి కోత."

"కొయ్యడానికేముందని?"

బెన్నాసర్‌కు అదొక మాటగా తోచలేదు. ఏడు తోటల చలవ రేకుల మీద ఉంది. దాన్ని ఇంటికి మోసుకుపోయి గోడకు తగిలిస్తాడా? ఒక్కో చెట్టు మధ్యలో, పెద్దకొమ్మలు విడిపోయే చోట నిటారుగా లేచే నీటికొమ్మలుంటాయి. అవి కాయ కాయవు, సత్తువ తాగేస్తాయి. తీసినా తప్పులేదు. గుండెకు అంత దగ్గరగా తగిలితే చలవ చెట్టంతా పాకుతుందని కూడా అనుకున్నాడు. చెట్టుకు ఒకటి చొప్పున నలభై చెట్లకూ నలభై కొమ్మలు తీశాడు. ఒక్కటీ వదల్లేదు. తూదా రేకుల మీది బంకను అరచేతులా తుడుచుకుని కళ్లకద్దుకుంది. ఆ పూట రొట్టెలోకి నెయ్యీ తేనే పెట్టింది. బాసూ ఐదు తిని, ఆరోదాన్ని జేబులో వేసుకుని, "దారిలో ఆకలేస్తే" అన్నాడు. అతని ఇల్లు నూరడుగుల దూరంలో ఉంది.

ఇజ్జా తిరిగి వచ్చేసరికి తూదా చెట్లు నడిమి నుంచి నల్లబడుతున్నాయి.

కొసల నుంచి కాదు, నడిమి నుంచి. అదే ఎవరికీ అర్థం కాలేదు. ఇజ్జా చిన్న చాకుతో ఒక మొదలు మీద బెరడు లేపి చూసింది. లోపల ఎర్రటి తడి చార కిందికి దిగి ఉంది. చాకును స్పిరిట్‌లో ముంచి రెండో చెట్టు చూసింది. మళ్లీ ముంచి మూడోది చూసింది. తరవాత చాకును ఇంకోసారి ముంచి, తుడిచి, మడిచి జేబులో పెట్టుకుంది.

"గాలి కాదు బాబాయ్. నిప్పుతెగులు."

"దానికేదో సూది మందుందంట గదా, పట్నంలో అమ్ముతారంట" అన్నాడు బాసూ.

"ఆ మందు కొడితే ముద్ర పోద్ది, ఊట నీళ్లూ పోతాయి. అవన్నీ పోయినా ఒకసారి కొయ్యలోకి దిగినదాన్ని అది పట్టుకోలేదు. కొయ్యడమే. మాడిన చోటికి రెండు జానల కింద కొయ్యాలి. కోసిన ప్రతిసారీ కత్తెర ముంచాలి. కోసింది అక్కడికక్కడే కాల్చాలి."

"మొదలుకి దిగితే?" అన్నాడు బెన్నాసర్.

"మొదలుకి దిగితే చెట్టు తియ్యాలి."

ఆ మధ్యాహ్నం ఇజ్జా తొమ్మిది తోటలూ తిరిగింది. బెన్నాసర్ వెంట తిరిగాడు. బాసూ తోటలో తెగులు ముదిరింది. తరవాతి తోటల్లో కోసిన చోటల్లా మళ్లీ కర్రలు వంగాయి. ఊటకు పైనున్న తోట ఒకటి, అక్కడ ఎక్కువగా దుంపలే వేశారు, ఉన్న పదిహేను ఆపిల్ మొక్కల్లో మూడు మాడాయి. అదీ తివిజి పోయిన తోటే. ఒక్క మిమూన్ తోట నిండు పచ్చగా ఉంది. మిమూన్ గోడ మీద కూర్చుని ఇద్దరినీ చూస్తున్నాడు. మూడేళ్ల తరవాత మొదటిసారి బెన్నాసర్‌తో మాట్లాడాడు.

"నీతో తగువే నా చెట్లని కాచిందిరా" అన్నాడు. ఎకసెక్కానికే అన్నాడు పాపం. కానీ బెన్నాసర్ మొహం చూసి గోడ దిగి లోపలికి పోయాడు.

ఇజ్జా వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని ఒక్కటే అడిగింది. "ఏ వరసలో పోయారు బాబాయ్?"

బెన్నాసర్ వేళ్ల మీద చెప్పసాగాడు. బాసూది. హమ్మూ వాళ్లది. మిట్ట మీదిది. ఆ పక్కది. ఐదో వేలి దగ్గర చెయ్యి ఆగింది. మిగతా మూడు ఇళ్ల పేర్లూ, ఆ తరవాత ఆఖరి పేరూ అతను పైకి చెప్పలేదు. ఇజ్జా అడగలేదు. ఆ వరసను ఊరిలో ఇంకెవరికీ చెప్పనూ లేదు.

ఒకప్పుడు యూరపులో ఒక పెద్ద ఆసుపత్రిలో వైద్యులు పొద్దున శవాలు కోసి, ఆ చేతులతోనే పోయి పురుళ్లు పోసేవారట. తల్లులు జ్వరంతో వరసన పోయేవారు. మంత్రసానులు చూసే గదిలో మాత్రం అన్ని చావుల్లేవు. చేతులు కడుక్కోండని చెప్పినవాడిని ఊరు తరిమింది. పెద్దమనిషి చెయ్యి మురికిదని ఎవరు ఒప్పుకుంటారు? ఆ వైద్యుల్లో కొందరికి తరవాత అర్థమై ఉంటుంది. ఎవరెవరి మంచం దగ్గరికి ఏ వరసలో పోయారో వాళ్లూ వేళ్ల మీద లెక్క వేసుకుని ఉంటారు. పుస్తకాల్లో చేతులు కడగమన్నవాడి కథ ఉంటుంది. ఆ లెక్క వేసుకున్నవాళ్ల కథ ఉండదు.

రెండు రోజులు బెన్నాసర్ ఇల్లు కదల్లేదు. మూడో రోజు తూదాయే వచ్చింది. చంకలో మజ్జిగ కుండ.

"ఏమన్నా, నలతగా ఉందా? ఇజ్జా ఏవేవో అంటోంది, చెట్లు తియ్యాలంటోంది. దానికేం తెలుసు, నిన్న పుట్టింది. నువ్వొకసారి వచ్చి చెయ్యి వెయ్యి. నీ చెయ్యి పడితే లేస్తాయి. ఆయన పోయిన ఏడు మంచు పడి సగం పోయాయనుకున్నాం, లేవలా?"

"తూదా."

"ఊఁ?"

"ఆఖరి కోత ఇవ్వబట్టే పోయాయి."

ఆమెకు ఎక్కలేదు. అతను మళ్లీ చెప్పాడు. బాసూ చెట్ల మీది తెగులును తన కత్తెరే మోసిందనీ, ఇంటింటికీ పంచిందనీ, ఏడు ఇళ్లలో పోగైందంతా ఒక్కో కొమ్మ తీస్తూ ఆమె చెట్ల గుండెల్లో పెట్టిందనీ చెప్పాడు. కడగమని అమ్మాయి సీసా ఇస్తే దాంతో టీ కాచుకున్నానని చెప్పాడు. "నీ చెట్లకేం కాలేదన్నా, టీ తాగమన్నావు. టీ తాగి ఉంటే బతికేవి."

తూదా మజ్జిగ కుండ కింద పెట్టింది. తన అరచేతులను చూసుకుంది, రెంటినీ, ముందూ వెనకా. వాకిట్లో కోడిపెట్ట ఒకటి గింజ లేని చోట గింజ ఏరుతోంది.

"ఎవరైనా నిన్ను తిట్టారా ఏంటి, ఇట్టా మాట్లాడతావు?" అంది చివరికి.

"ఎవరూ తిట్టలేదు. నేనే చూశాను. మిమూన్ చెట్లు చూడు, పచ్చగా ఉన్నాయి."

ఆమె మిమూన్ తోట వైపు చూసింది. తరవాత అంది: "పద్నాలుగేళ్లు ఆఖరి కోత నాకే ఇచ్చావు. ఆ కాయలే తిని బతికాను. ఇప్పుడు ఇది తినమంటే తినకుండా ఎట్టా?"

ఆ మాటలో కోపం ఉంటే అతను భరించేవాడు. కోపం వెతికాడు గానీ దొరకలేదు. ఆమె లేచి కొంగు దులుపుకుంది. వాకిలి దాటబోతూ వెనక్కి తిరిగింది.

"చెట్లు నువ్వే తియ్యాలి. వేరేవాళ్లని రానివ్వను. ఆయన నీకే అప్పజెప్పాడు."

తియ్యడం నాలుగు రోజులు పట్టింది. బెన్నాసర్ రంపం పట్టాడు, ఇజ్జా స్పిరిట్ డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది. ఒక చెట్టు కాగానే రంపం ముంచాలి, తుడవాలి, ఆ తరవాతే రెండోది. మొదటి రోజు ఆ వాసనకు అతను ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. రెండో రోజు కట్టుకోలేదు. బాసూ వచ్చి కొమ్మలు ఈడ్చాడు. నోట్లో నాలుక లేనట్టే ఈడ్చాడు. ఆ నాలుగు రోజుల్లోనూ ఒక్క పరిహాసం ఆడలేదు. దాన్నిబట్టే ఊరికి సంగతి ఎంత పెద్దదో తెలిసింది. మూడో రోజు మిమూన్ తన గొడ్డలి తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని కూడా ముంచారు.

పచ్చి ఆపిల్ కొయ్య త్వరగా అంటుకోదు. పొగ వాగు మీద పరుచుకుని లేచేది కాదు. పొగలో తీపి వాసన ఉండేది, ఎవరో పండు ఉడికిస్తున్నట్టు. తూదా గుమ్మంలో కూర్చుని బార్లీ చెరుగుతూ ఉండేది. ఒక్కో చెట్టు పడ్డప్పుడు చేట ఆగేది. మళ్లీ సాగేది.

ముప్పై ఒక్కటి పోయాయి. తొమ్మిది నిలిచాయి. ఆ తొమ్మిది చెట్లలో బెన్నాసర్ కోసిన నీటికొమ్మల మోళ్లు ఎందుకో తెగులు లోపలికి దిగకముందే ఎండిపోయాయి. రెండు జానల కింద మళ్లీ కోసి వదిలారు. బతుకుతాయా అని బెన్నాసర్ అడగలేదు. ఇజ్జా తనంత తానే అంది, "వచ్చే పూతకి చూడాలి బాబాయ్. ఇప్పుడే చెప్పలేం."

ఆ శరదృతువులో తూదా కాయల బేరగాడి కోసం ఎదురు చూడలేదు. మిదెల్త్‌లో కాయలు ఏరి పెట్టెలకెత్తే షెడ్డుకు కూలికి పోయింది. పొద్దున్నే లారీ ఎక్కి, మాపటేల దిగేది. జాయిద్ మొదట కూలికి పోయిన తోటలు ఆ దారిలోనే ఉన్నాయి. ఏనాడూ వాటి మాట ఎత్తలేదు. ఒకసారి మాత్రం, "ఆ కాయలకి వాసన లేదన్నా. కడిగి కడిగి పంపుతారు" అంది.

చలికాలం కత్తిరింపులకు మళ్లీ తివిజి చాటారు. ముందు నడవనని బెన్నాసర్ అన్నాడు. కత్తెర తెచ్చి ఇజ్జా ముందు పెట్టాడు. సంఘంవాళ్లు తలలు వంచుకున్నారు.

"నీ చెయ్యి కావాలి బాబాయ్" అంది ఇజ్జా. "కత్తెరను కడగమన్నాను, చేతిని మార్చమనలేదు."

"రెండూ ఒకటే ఉక్కమ్మాయ్."

అయినా వెళ్లాడు. సీసా మెడలో తాడుకు కట్టుకుని వెళ్లాడు. ఒక చెట్టు, ఒక ముంచుడు. పని ఆలస్యమైంది. కుర్రకారు విసుక్కున్నారు. ఈసారి వరస మార్చమని అతనే అడిగాడు. శుభ్రంగా ఉన్న తోటలు ముందు, తెగులు తగిలినవి ఆఖర్న. తెగులు చెట్లన్నీ తీసేశాక మిగిలిన తొమ్మిదీ శుభ్రంగా ఉండటంతో తూదా తోట ముందుకు వచ్చింది. ఆఖరి తోట ఇప్పుడు బాసూది.

"నేనేం విధవరాలినా?" అన్నాడు బాసూ. నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వకపోతే తనే దగ్గాడు.

పొద్దున మంచు ఇంకా కరగని వేళ తూదా తోటలోకి పోయారు. ముప్పై ఒక్క గుంతల్లో గడ్డకట్టిన నీళ్లు. తొమ్మిది చెట్లకు ఎంతసేపు పడుతుంది. బెన్నాసర్ నిదానంగానే చేశాడు. చూపు నిలవక ఒక్కో కొమ్మను రెండేసిసార్లు చూసుకున్నాడు. తొమ్మిదో చెట్టు కాగానే కత్తెర ముంచాడు, గుడ్డతో తుడిచాడు, మళ్లీ ముంచాడు.

తూదా ఎప్పుడొచ్చి నిలబడిందో అతను చూడలేదు. అలవాటుగా రెండు అరచేతులూ ముందుకు చాచి ఉంది. తను చాచానని ఆమెకూ తెలిసినట్టు లేదు. బెన్నాసర్ ఏం చేయాలో తోచక కత్తెరను ఆ చేతుల్లో పెట్టాడు. రేకులు చల్లగా, పొడిగా ఉన్నాయి. ఆమె ఒక రేకు మీద బొటనవేలితో పై నుంచి కిందికి రాసి, వేలిని చూసుకుంది. ఏమీ అంటలేదు.

కత్తెర తిరిగి ఇచ్చి, పొడి చేతుల్నే లంగాకు తుడుచుకుంది.

"టీ పెట్టాను" అంది. "ఈసారైనా తాగి పో."

బెన్నాసర్ కత్తెర సంచిలో పెట్టి, మిగతావాళ్లను తరవాతి తోటకు నడవమని చెయ్యి ఊపి, చెల్లెలి వెనకే లోపలికి వెళ్లాడు. రెండు గ్లాసులు తాగాడు. మూడోది ఆమె పోస్తుంటే వద్దనలేదు.